బొంతలో నడిమి గుడ్డ

పాఠకులకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. చివ్వెంల అవతలి పల్లెకు సర్కారు అండ గల మూకలు నిప్పు పెట్టగా, ఇల్లు తగులబడి సత్తెమ్మ కుటుంబం కట్టుబట్టలతో కోదాడ మీదుగా సరిహద్దు దాటి తడకల పాకలలో తల దాచుకొన్నది. ఇంటి పెద్ద చంద్రయ్యను అక్కడే విషజ్వరం హరించింది. దేశం కొంత కుదుటపడిన పిమ్మట సత్తెమ్మ తన కొడుకు గోపయ్యతో, కోడలు నర్సమ్మతో సూర్యాపేట చేరింది. గోపయ్య మిర్యాలగూడ మిల్లులకూ ఈ ఊరి అంగళ్లకూ నడుమ బండి తోలుతున్నాడు. బజారు వెనుక సందులో ఒక పెద్ద ఇంటికి అడ్డుగోడ పెట్టి రెండు వాటాలు చేయగా, తూర్పు వాటా వీరికి కిరాయికి దొరికింది. పడమటి వాటాలో ఇంటి యజమానురాలు జైనబ్ బీ ఒంటరిగా ఉంటున్నది. కిరాయి మాట్లాడినవాడు ఆమె మేనమామ. ఆమె భర్త ఖాదర్ సాబు బడిలో ఉర్దూ చెప్పేవాడు. యూనియన్ సైన్యాలు వచ్చిన భాద్రపద మాసపు అల్లకల్లోలంలో, మిర్యాలగూడలో ఉన్న చెల్లెలిని తోడ్కొని వస్తానని బయలుదేరినవాడు మరలి రాలేదు. ఆ సందులో అట్లా ఎవరికోసమో ఎదురుచూస్తున్న గడపలు ఇంకా కొన్ని ఉన్నవి. కనుక ఎవరూ ఎవరినీ ఏమీ అడుగరు.

ఇప్పుడు మాఘమాసం.

పరుల ఇంటిని తన ఇల్లుగా మార్చుకొనడం స్త్రీలకు భగవంతుడు ప్రసాదించిన ఓర్పు. ఈ అత్తాకోడళ్లిద్దరూ ఆ ఓర్పునంతా ఈ గోడల మీదనే ధారవోసినారు. చెరువు గట్టు నుండి తెచ్చిన ఎర్రమన్నుతో గోడల అడుగుభాగం అలికి, పైభాగానికి సున్నం కొట్టి, రెండూ కలిసే చోట వేలి కొసతో తెల్లని తామరతీగ గీసినారు. సున్నంలో కలుపుకొమ్మని నీలిమందు ఇచ్చినది జైనబ్ బీ. నర్సమ్మ తాటాకు చీల్చి చాప అల్లింది. జనుము పురి పెట్టి ఉట్టి కట్టింది. ద్వారానికి పూసల తోరణం వేలాడదీసింది. దీపపుగూటి చుట్టూ సత్తెమ్మ తన తల్లి నేర్పిన పద్ధతిలో పసుపుతో చిలుకలు దిద్దింది. పల్లెలో కాలిపోయిన ఇంట కూడా దీపపుగూటి చుట్టూ అవే చిలుకలు ఉండేవి. ఆ సంగతి ఇద్దరిలో ఎవరూ పైకి అనలేదు.

మిగిలినది బొంత.

సత్తెమ్మ పుట్టింటి ఆచారం ఒకటి ఉన్నది. కొత్త ఇంట చేరినవారు తాము కట్టి విడిచిన బట్టలతోనే ఒక బొంత కుట్టుకోవలెను. కొత్త గుడ్డ పనికిరాదు. ఒంటి చెమట ఇంకిన గుడ్డయే కావలెను. అంచులకు పిన్నవారివి, ఆ లోపల ఆడవారివి, నట్టనడుమ ఇంటి పెద్దది. చంద్రయ్య బట్టలు పల్లెలో ఇంటితో కాలినవి. ఒంటి మీది పంచె ఆయనతోనే కాలినది. నడిమికి గుడ్డ లేక సత్తెమ్మ ముక్కలు ముందు వేసుకొని ఊరకే కూర్చొని ఉండగా, పుష్యమాసంలో ఒకనాడు గోపయ్య పాతబడిన నల్లని షేర్వాణీ ఒకటి తెచ్చి, మిర్యాలగూడ అంగడిలో పాతబట్టల కుప్పలో దొరికిందని చెప్పినాడు.

పరాయివాని గుడ్డ నడుమ పెట్టవచ్చును. అందుకు ఆచారం అడ్డు చెప్పదు. కాని అప్పుడు ఆ పరాయివాడు ఇంటివాడైనట్లే. అతడు ఎవరైనా సరే, ఎక్కడ ఉన్నా సరే, అతని క్షేమం కోరి ప్రతి సంధ్యలో దీపం దగ్గర మొక్కవలెను. సత్తెమ్మ నాటి నుండి ఒక్క సంధ్య కూడా తప్పలేదు. "ఆ కోటు ఎవలిదో ఏమో, తండ్రీ, ఆ మనిషి ఏడున్నా సల్లగుండాలె" అని చేతులు జోడించిన తరువాతనే ఆమె గంజి ముట్టేది.

ఆనాడు పొద్దు వాలుతుండగా బొంతకు చివరి వరుస కుట్టు పడింది. నర్సమ్మ వాకిట సాయంకాలపు ముగ్గు వేస్తున్నది. సత్తెమ్మ దారం పండ్లతో కొరికి, గుమ్మంలో నుంచి తొంగి చూసింది.

"ఏందే నర్సీ గా ముగ్గు! కల్లు తాగినోడు ఇంటికొచ్చినట్టు అటో కాలు ఇటో కాలు."

"నీ కొడుకు బండి దాని మీదికెల్లే పోతది గదత్తా. ఎంత సక్కగేస్తే ఏం ఫాయిదా?"

"వాడు బండి తోలుడు, నువ్వు ముగ్గేసుడు, ఇద్దరికిద్దరు సరిపోయిండ్రు."

పల్లె విడిచిన తరువాత సత్తెమ్మ నోటి నుంచి వేళాకోళం రావడం అదే మొదలు. నర్సమ్మ ముగ్గుపిండి చేతితోనే నోరు మూసుకొని నవ్వింది. ఆ నవ్వు ఎంతసేపు నిలువనున్నదో ఇద్దరికీ తెలియదు.

సత్తెమ్మ అడ్డుగోడలో ఉన్న చిన్న తలుపు దగ్గరకు వెళ్లి పిలిచింది. "బీబమ్మా! ఓ బీబమ్మా! జర ఇటు రా బిడ్డా, బొంతయిపోయింది."

జైనబ్ బీ వచ్చి తలుపు దగ్గరనే నిలబడింది. ఆమె గుమ్మం దాటి రావడం అరుదు. ముప్పదేండ్లు నిండని ముఖం. కండ్ల కింద మాత్రం ఏండ్లు ఎక్కువగా ఉన్నవి. మెడలో నల్లపూసలు, చేతులకు గాజులు ఉన్నవి.

"బొంత మీద మొదలు నువ్వే కూసోవాలె," అన్నది సత్తెమ్మ.

"నేనెందుకమ్మా? వాడకట్టుల మీవోళ్లు మస్తుమందున్నరు కదా."

"ఉంటే ఉన్నరు. నా గోడలకు నీలిమందు వాళ్లిచ్చిండ్రా? నా కోడలికి జరమొస్తే కషాయం వాళ్లు కాసిండ్రా? పెనిమిటున్న ఆడిది మొదలు కూసుంటే ఆ ఇల్లు నిలుస్తదని మా అవ్వ చెప్పేటిది. నాకా భాగ్యం పాయె. మా నర్సి ఇంటి పిల్లాయె, అది పనికి రాదు. నువ్వు కూసో."

జైనబ్ బీ తల వంచుకొన్నది. నల్లపూసలను రెండు వేళ్లతో పట్టుకొని అటూ ఇటూ జరిపింది.

"నాకున్నదో లేదో నాకే తెల్వదమ్మా ఆ భాగ్యం. పూసలు తీసెయ్యమని మా మామ ఒకటే తీరు పరేషాన్ చేస్తుండు. పాణం పోంగ చూసినోళ్లున్నరా, మయ్యత్, శవమన్న దొరికిందా అని నేనడుగుతున్న. దొరకలే. దొరకనప్పుడు ఉన్నట్టే కదా?"

"ఉన్నట్టే బిడ్డా," అన్నది సత్తెమ్మ, చేయి పట్టి లోనికి తీసుకొనివస్తూ. "నీ మొకం చూస్తనే తెలుస్తది ఉన్నడని. కూసో."

ఆమె చెప్పులు విడిచి, చీరకొంగు సర్దుకొని, ఎవరో నిద్రపోతున్నారేమో అన్నంత మెల్లగా బొంత అంచున కూర్చున్నది. కూర్చున్న వెంటనే ఆమె చేతులు తమ అలవాటు ప్రకారం నేల మీద పడి ఉన్న దారపు తునుకలను ఏరి ఉండ చుట్టసాగినవి.

"అవన్ని ఏరి ఏం జేసుకుంటవమ్మా?" అని నర్సమ్మ నవ్వుతూ అడిగింది.

"ఎప్పుడో ఒకప్పుడు అక్కరకొస్తయి." జైనబ్ బీ పెదవుల మీద ఒక చిరునవ్వు వచ్చి ఆగిపోయింది. "ఇంకో మనిషి సుత గిట్లనే నవ్వేటోడు నన్ను చూసి."

సత్తెమ్మ ఉత్సాహంతో బొంతను చూపనారంభించింది. "గీ అంచులున్నయి చూడు, మా గోపిగాడి పాత అంగీ. ఇది నర్సి రైకె. గీ ఎర్రది నా చీర, పల్లెల నుంచి ఉరికొచ్చిననాడు నా ఒంటి మీదున్నది. ఇగ నడుమ సూడు బిడ్డా, అన్నిటికంటే గదే సక్కదనం. గుడ్డ పాతదే కని, దాని మీద ఓ చెయ్యి పని చేసింది. ఎంత సన్నపు పనో! ఆ పనిని సూసే దాన్ని నట్టనడుమ పెట్టిన. నేను ఇన్నేండ్లు కుట్టిన, నాకు గట్ల రాదు."

ఆమె చూపిన చోట, నల్లని బట్టలో, కాలిన చిల్లు ఒకటి రఫూతో పూడ్చబడి ఉన్నది. దూరం నుండి చూస్తే అంతా నలుపే. వాలుటెండ గుమ్మంలో నుంచి ఏటవాలుగా పడగా, అక్కడ ఒక్కచోట మాత్రం నెమలికంఠపు నీలిమ పొటమరించింది.

జైనబ్ బీ చేతిలోని దారపుండ జారిపోయింది.

ఆమె వంగి ఆ చోటును ముందు చూపుడువేలితో, తరువాత అరచేతితో తాకింది. ఆపైన, ఇద్దరు స్త్రీలు చూస్తుండగానే, చెంపను దానికి ఆనించి అట్లే ఉండిపోయింది.

"ఎవలి చెయ్యో గని లచ్చిమి చెయ్యి..." అంటున్న సత్తెమ్మ మాట మధ్యలోనే తెగిపోయింది.

"నా చెయ్యి," అన్నది జైనబ్ బీ, చెంప ఎత్తకుండానే. "గది నా చెయ్యమ్మా. కందిలి నిప్పురవ్వ పడి రొమ్ము మీద కాలింది. నల్ల దారం దొరకలే. కంట్రోల్ దినాలు కదా. నా షాదీ ఓణీ కొంగుల నుంచి పోగులు గుంజి రఫూ చేసిన. 'ఇంక ఇది నీ ఓణీ నా గుండె మీద' అన్నడు. గదే వేసుకొని పోయిండు. ఆ గుండీలు నేనే పెట్టిన ఆ దినం. నేనే."

 ఆమె లేచి కూర్చున్నది. కంట తడి లేదు.

"ఇది మీకు యాడిదమ్మా?"

"కోదాడల కొన్నడు," అన్నది నర్సమ్మ, ఎవరూ తరుమకుండానే పరుగెత్తినట్లు.

"మిర్యాలగూడ అంగట్ల," అన్నది సత్తెమ్మ, అదే క్షణంలో.

జైనబ్ బీ ఒకరి ముఖం నుండి మరొకరి ముఖానికి చూపు మరల్చింది. గొంతు హెచ్చలేదు. "నువ్వు కోదాడ అంటవు. అమ్మ మిర్యాలగూడ అంటది. నేను మీ ఇంటికి నీళ్లిచ్చిన. నిప్పిచ్చిన. నాకు ఝూట్ చెప్పకుండ్రి."

సత్తెమ్మ కోడలి వైపు తిరిగింది. "నర్సీ. వాడు అంగడన్నడు గద? నువ్వు కోదాడ అంటున్నవెందుకే?"

నర్సమ్మ చేతులకు ముగ్గుపిండి ఇంకా అంటి ఉన్నది. ఆమె ఆ చేతులనే చూస్తూ గోడకు చేరగిలబడింది. తామరతీగ మీద ఆమె వీపు రాసుకొని సున్నం రాలింది.

"నాకు తెల్వదత్తా. యాడిదో నాకు ఇప్పటికి తెల్వదు. ఇచ్చిననాడు... ముందుగాల నాకిచ్చిండు. బండిల గడ్డి కింద దాసి ఉంచిండంట అన్నాళ్లు. 'వాగుల ఉతికి అవ్వకియ్యి, లోపలి అస్తరు మాత్రం చూపియ్యకు' అన్నడు. అస్తరు నేను విప్పేసి పాతిపెట్టిన."

"ఎందుకు?"

"మరకలుండె."

"ఏం మరకలే?" అని సత్తెమ్మ అడిగింది. అడిగినప్పుడే ఆమెకు జవాబు తెలుసును. నర్సమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఏడ్చింది.  

సత్తెమ్మ నేల మీద కూలబడింది. కన్నతల్లికి కొడుకు చేతులు తెలుసును. ఆ చేతులకు తాను అన్నం ముద్ద పెట్టింది, గోళ్లు తీసింది, తండ్రి చితికి నిప్పు పెట్టేటప్పుడు వాటికి తన చేయి ఆసరా ఇచ్చింది. పల్లె కాలిన రాత్రి ఆ చేతులు పిడికిళ్లై, ఎన్నటికైనా బదులు తీర్చుకొంటానని నేలను గుద్దినవి. అది కూడా ఆమెకు జ్ఞాపకం వచ్చింది. ఇన్ని సంధ్యలు ఆ గుడ్డ తొడిగినవాడు చల్లగా ఉండాలని తాను మొక్కుతున్నప్పుడు, వెనుక తిండికి కూర్చొని ఉన్న కొడుకు ముద్ద ఎత్తకుండా తల వంచుకొనే ఉండేవాడు. తండ్రి జ్ఞాపకం వచ్చి బాధపడుతున్నాడని ఆమె అనుకొన్నది. ఇప్పుడు ఏమనుకోవలెనో తెలియలేదు. ధర్మసూక్ష్మం ఎరిగిన పెద్దలకే ఇటువంటి వేళ దారి తోచదు. పొలం పనులు, పూజలు తప్ప వేరెరుగని ఆ ముసలి తల్లికి ఏమి తోచును?

తోచినది ఒక్కటే. ఆమె కుట్టుపెట్టె దగ్గరకు జరిగి కత్తెర తీసింది.

"నీది నీకిస్త బిడ్డా. ఇగ ఇది నా ఇంట్ల ఉండొద్దు. నీ చెయ్యి పని నీకు చేరాలె." ఆమె నడిమి గుడ్డ అంచున మొదటి కుట్టు కిందికి కత్తెర మొన దూర్చింది.

జైనబ్ బీ ఆ చేతిని తన రెండు చేతులతో పట్టుకొన్నది. గాజులు కత్తెరకు తగిలి గలగలలాడినవి.

"వద్దమ్మా! కొయ్యకు!"

"నీదే గదనే తల్లీ."

"నాదే. కని ఇప్పుడు నువ్వు కోసి నా చేతుల పెడితే, నేను పోయిన మనిషి గుడ్డ తీసుకున్నట్టయితది. రేపు మామ వస్తడు, దాన్ని చూపిచ్చి ఈ పూసలు తెంపుతడు. నీ బొంతల ఉన్నంతసేపు ఆయన ఇంటి మనిషి కదా? బొంత కుట్టంగ నువ్వే అంటివి. రోజు దీపం కాడ మొక్కుతున్న అంటివి. ఆ మొక్కును నేను అటు గోడ పక్కన నిలబడి వింటున్న రోజు. ఎవరి గురించో అనుకున్న. ఎవరి గురించైతేనేం, నా మనిషి గురించి సుత గిట్ల ఎవరన్న అడుగుతున్నరో ఏమో అనుకొని, ఆమీన్ అంటుంటి."

సత్తెమ్మ చేతిలో నుంచి కత్తెర జారింది.

"మీ కొడుకు రానీ. ఆయన నోటికెల్లి వింట," అన్నది జైనబ్ బీ. "ఏదైతే గదే అయితది. కోసేది ఉంటే అప్పుడు నా చేత్తోటి నేనే కోస్త."

"అత్తా," అని నర్సమ్మ సత్తెమ్మ చెవి దగ్గరకు వచ్చింది. "ఆయనను ముందు నేను బయటనే కలుస్త. సందు మొదట్ల నిలబడి సంగతి చెప్త. ఏం చెప్పాలెనో ఆలోచన చేసుకొని వస్తడు. పోలీసులు తిరుగుతున్నరు, ఎవరి మీద ఎవరు చెప్పినా పట్టుకపోతున్నరు. నీకొక్కడే కొడుకు..."

సత్తెమ్మ కోడలి ముఖాన్ని చూసింది. ఆ ముఖంలో తాను ఉన్నది. తన భర్తను తడకల పాకలో పోగొట్టుకొనకముందు తాను కూడా ఇట్లే ఏదైనా చేసి ఉండేది.

"కూసో," అన్నది. "అబద్ధం సర్దుకొని వచ్చేందుకు వానికి నేను ఎడమియ్య. ఈ బిడ్డ ముంగటనే అడుగుత. నా కొడుకు ఎవలో నాకు గూడ తెలవాలె."

ముగ్గురూ ఆ బొంత చుట్టూ కూర్చున్నారు. సందులో మేకలు ఇంటికి వెళ్లినవి. మసీదు వైపు నుండి మగ్రిబ్ పిలుపు వినవచ్చింది. జైనబ్ బీ లేవలేదు. పెదవులు మాత్రం కదిలినవి. సత్తెమ్మ లేచి అలవాటు చొప్పున దీపపుగూటి దగ్గరకు వెళ్లి వత్తి వెలిగించింది. పసుపు చిలుకలు వెలుగులోకి వచ్చినవి. చేతులు జోడించింది. "ఆ కోటు ఎవలిదో..." అని మొదలుపెట్టింది. ఎవరిదో ఇప్పుడు తెలుసును. 

అప్పుడే వాకిట బండి ఆగింది. కాడి దింపిన చప్పుడు, ఎడ్ల మెడగంటలు వినిపించినవి. గోపయ్య తలగుడ్డతో ముఖం తుడుచుకొంటూ ముగ్గు మీది నుండే నడిచి లోనికి వచ్చి, గుమ్మంలో ఆగిపోయినాడు. బొంత పరచి ఉన్నది. దాని నడుమ అరచేయి ఆనించి, ఏనాడూ తనకు ముఖం చూపని ఆ పడమటింటి స్త్రీ ముసుగు సంగతే మరచి కూర్చొని ఉన్నది.

"గోపీ," అన్నది సత్తెమ్మ.  "నీ అయ్య లేడు. అడగాల్సింది నేనే. ఆ కోటు మనిషిని నువ్వేం జేసినవురా?"

 గోపయ్య చూపు తల్లి మీదుగా సాగి, నల్లని గుడ్డ మీద ఉన్న ఆ చేయి మీద, చేయి పక్కన పడి ఉన్న రంగురంగుల దారపుండ మీద నిలిచింది.  తరువాత గుమ్మంలోనే కూర్చున్నాడు.

"బీబమ్మా," అన్నాడు. "పిచ్చుక అంటే... మీరేనా?"

జైనబ్ బీ ఆ గుడ్డను గుప్పిట బిగించి పట్టుకొన్నది. ఆ పేరు మేనమామకు తెలియదు. కన్నతల్లికి తెలియదు. గూటికి పుల్లలు ఏరినట్లు దారాలు ఏరుతుందని, పెండ్లైన మొదటి ఏడు నవ్వుతూ నవ్వుతూ పెట్టినవాడు ఒక్కడే, ఆ నాలుగు గోడల మధ్యనే పిలిచినవాడు ఒక్కడే.

"మాట పడిపోయే ముందు సూర్యాపేటల పిచ్చుక అని ఒక్క మాటే చెప్పిండు," అన్నాడు గోపయ్య. "ఎన్ని గడపలని అడుగుదు? అడుగుదామంటే ఎవరేమనుకుంటరో అని పాణం కొట్టుకునేది. గందుకే కోటు అవ్వకిచ్చిన. నాకు చాతకాని మొక్కు అవ్వన్న మొక్కుతదని."

దీపం దగ్గర సత్తెమ్మ జోడించిన చేతులు మెల్లగా విడిపోబోతున్నవి.

గోపయ్య అది చూసి వెనుకకు తిరిగి, సందు అటు కొస నుండి ఇటు కొస దాకా పరికించినాడు. ఎవరూ లేరని చూసుకొన్న తరువాత గొంతు తగ్గించి అన్నాడు:

"ఆ మొక్కు ఆపకే అవ్వా. ఆ మనిషి ఇంక ఉన్నడు. ముందుగాల తలుపు పెట్టు."